రక్షణ కొనుగోళ్లు, స్వదేశీ పరిశ్రమ: ఫైలుకీ ఫ్యాక్టరీకీ మధ్య (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో మెషిన్ షాపులు నడిపేవాళ్లున్నారు, టెండర్లు వేసి అలసిపోయినవాళ్లున్నారు, ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలున్నారు. అందుకని స్వావలంబన ఎంత గొప్పదో చెప్పే ఉపన్యాసం పక్కన పెడదాం. సైన్యం ఒక వస్తువు కావాలనుకున్న రోజు నుంచి ఆ వస్తువు ఫ్యాక్టరీ గేటు దాటే రోజు దాకా ఏం జరుగుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది అన్నదే మాట్లాడుకుందాం.

అర్జున్ ట్యాంకుతో మొదలుపెడతాను. 2000లో సైన్యం 124 ట్యాంకులకు ఆర్డరిచ్చింది. 2010లో మరో 124. ఆ తర్వాత 2021 సెప్టెంబరులో మార్క్ 1ఏ రకానివి 118, సుమారు రూ.7,523 కోట్లకు. ఇరవై ఒక్క ఏళ్లలో మూడు ఆర్డర్లు, మొత్తం కలిపి 366. ఇప్పుడు ఈ ట్యాంకులు తయారయ్యే ఆవడి ఫ్యాక్టరీకి సీళ్లో, ట్రాక్ లింకులో, హైడ్రాలిక్ అమరికలో సరఫరా చేసే చిన్న యూనిట్ వైపు నుంచి చూడండి. మొదటి ఆర్డరుకు భాగాన్ని బిగించి పట్టే ఫిక్స్చర్లు చేయించుకున్నాడు, కొలతలు సరిచూసే గేజీలు కొన్నాడు, నలుగురు మంచి పనివాళ్లను తయారు చేసుకున్నాడు. ఆర్డరు అయిపోయింది. తర్వాతది ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. పనివాళ్లు ఆటోమొబైల్ కంపెనీలకు వెళ్లిపోతారు, ఫిక్స్చర్లు తుప్పు పడతాయి. పదేళ్లకు మళ్లీ ఆర్డరొస్తే అతను సున్నా నుంచి మొదలుపెట్టాలి, ఆ ఖర్చంతా మళ్లీ ధరలో కలపాలి. అప్పుడు మనవాళ్లే అంటారు, దేశీ సరుకు ఖరీదెక్కువని!

ఆ ట్యాంకు ఇంజిన్, గేర్‌బాక్సు జర్మనీ నుంచి వచ్చాయి. 124 ఇంజిన్ల కోసం ఇక్కడ ఇంజిన్ ప్లాంటు పెట్టే పెట్టుబడిదారు ఎక్కడా దొరకడు. దిగుమతి శాతం తగ్గకపోవడానికి డిజైన్ లోపం కన్నా, ఆర్డర్ల సంఖ్య, ఆర్డర్ల మధ్య ఖాళీయే పెద్ద కారణమని నా లెక్క.

రక్షణ రంగంలో కొనేవాడు ఒక్కడే, ప్రభుత్వం. ఆ ఒక్కడు ఎలా కొంటాడో పరిశ్రమ అలాగే తయారవుతుంది. 2001లో ప్రైవేటు రంగానికి తలుపులు తెరిచారు, విదేశీ పెట్టుబడిని అప్పుడు 26 శాతం దాకా అనుమతించి, 2020లో ఆటోమేటిక్ మార్గంలో 74 శాతానికి పెంచారు. ఇవన్నీ మంచివే. కానీ కొనుగోలు ఫైలు నడిచే తీరు మారకుండా పెట్టుబడి పరిమితి ఎంత పెంచినా పెద్దగా ఒరిగేదేమీ లేదు.

సరే, ఫైలు ఎలా నడుస్తుందో చూద్దాం. ఇప్పుడు మూలధన కొనుగోళ్లకు, అంటే కొత్త ఆయుధాలు, పరికరాలు కొనడానికి, ఆధారం 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన రక్షణ కొనుగోలు విధానం, వాడుకలో డీఏపీ 2020. దీనికి ముందు డీపీపీ అనేవాళ్లు, కార్గిల్ తర్వాత 2002లో మొదలైంది. ముందు త్రివిధ దళాల్లో ఏదో ఒకటి తనకు కావలసిన లక్షణాలు రాస్తుంది. వాటిని క్వాలిటేటివ్ రిక్వైర్‌మెంట్స్, పొట్టిగా క్యూఆర్ అంటారు. మార్కెట్లో ఏముందో తెలుసుకోవడానికి కంపెనీలకు ఆర్‌ఎఫ్‌ఐ, అంటే సమాచారం కోరే పత్రం, పంపుతారు. రక్షణ మంత్రి అధ్యక్షతన ఉండే రక్షణ కొనుగోలు మండలి, అంటే డీఏసీ, ‘అవసరం ఉంది’ అని ఒప్పుకుంటుంది, అది ఏఓఎన్. తర్వాత ఆర్‌ఎఫ్‌పీ, అంటే అసలు టెండరు. సాంకేతిక మూల్యాంకనం, క్షేత్ర పరీక్షలు, స్టాఫ్ మూల్యాంకనం, ధర బేరం చేసే కమిటీ, ఆర్థిక ఆమోదం. పెద్ద మొత్తమైతే ప్రధాని అధ్యక్షతన ఉండే భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ. ఆ తర్వాత సంతకం.

పేపర్లో ‘లక్ష కోట్ల రక్షణ కొనుగోళ్లకు ఆమోదం’ అని వచ్చినప్పుడల్లా షేర్లు పెరుగుతాయి. ఆ వార్త దాదాపు ఎప్పుడూ ఏఓఎన్ గురించే. ఏఓఎన్ అంటే ఆర్డరు కాదు. నిర్ణీత గడువులోగా ఆర్‌ఎఫ్‌పీ వెలువడకపోతే ఆ ఆమోదం మురిగిపోతుంది. ఏఓఎన్ వార్త చూసి మెషీను కొనడానికి బ్యాంకుకు వెళ్లకండి. ఆర్‌ఎఫ్‌పీ వచ్చాక మీ ప్రధాన కొనుగోలుదారు కంపెనీ పోటీలో ఉందా లేదా చూసుకోండి. డబ్బు పెట్టే నిర్ణయం సంతకం తర్వాతే.

ఎక్కువ ఫైళ్లు చచ్చిపోయేది క్యూఆర్ దగ్గర. 2011లో సైన్యం సుమారు 66 వేల రైఫిళ్లకు టెండరు పిలిచింది. ఒకే రైఫిల్, బ్యారెల్ మారిస్తే ఒకసారి 5.56 మిల్లీమీటర్ల తూటా, మరోసారి 7.62 తూటా పేల్చాలి. కాగితం మీద ముచ్చటగా ఉంది. చేతిలో పట్టుకునే ఆయుధంలో రెండు క్యాలిబర్లకూ ఖచ్చితత్వం, నమ్మకం, తక్కువ బరువు అన్నీ కావాలంటే ఎలా కుదురుతుంది? నాలుగేళ్ల పరీక్షల తర్వాత 2015లో ఆ టెండరు రద్దయింది. ప్రపంచంలో ఉన్న నాలుగైదు బ్రోచర్లు ముందేసుకుని ఒక్కొక్క దాంట్లోంచి ఉత్తమ లక్షణం ఏరి రాస్తే ఆ నాలుగూ ఉన్న వస్తువు భూమ్మీద ఉండదు. డీఏపీలో దీనికి కొంత విరుగుడు పెట్టారు. తప్పనిసరి లక్షణాలను రెండు రకాలుగా విడగొట్టారు. ఏ రకం పరీక్షల్లోనే నిరూపించాలి. బీ రకం లక్షణాలను ఒప్పందం తర్వాత అభివృద్ధి చేసి చూపించవచ్చు. ఇంకా మెరుగైన పనితీరు చూపితే ధర పోలికలో కొంత మార్కు ఇస్తారు. దేశీ కంపెనీకి బీ రకం చాలా ముఖ్యం. మొదటి రోజే అన్నీ సిద్ధంగా ఉండేది విదేశీ కంపెనీ దగ్గరే కదా, వాళ్ల సైన్యం ఇరవై ఏళ్ల కిందే డబ్బు పెట్టి ఉంటుంది.

పరీక్షల సంగతి ఇంకో రకం. మన దగ్గర క్షేత్ర పరీక్షలకు ఖర్చూ హామీ రెండూ ప్రభుత్వానివి కావు. కంపెనీ తన ఖర్చుతో పరికరం తెచ్చి, సిబ్బందిని పెట్టి, వేసవిలో ఎడారికి, చలికాలంలో ఎత్తైన కొండలకు తీసుకెళ్లాలి. ఒక ఋతువు తప్పితే ఏడాది పోతుంది. ఒక విడిభాగం విరిగి మేలో ఆగిన పరీక్ష జూన్లో వానలొచ్చాక జరగదు, మళ్లీ మే కోసం ఎదురుచూడాలి. పెద్ద కంపెనీ తట్టుకుంటుంది. యాభై మంది ఉన్న కంపెనీకి ఆ ఏడాది జీతాలు ఎవరిస్తారు? అందుకే పరీక్షకు వెళ్లేటప్పుడు కనీసం రెండు పూర్తి సెట్లు, తరచుగా పోయే భాగాలు అదనంగా తీసుకెళ్లండి. ఒక్క నమూనాతో వెళ్లడం జూదం.

గడువుల విషయంలో 126 యుద్ధ విమానాల కథ అందరికీ తెలిసిందే. 2007 ఆగస్టులో టెండరు. 2012 జనవరిలో రఫేల్‌ను తక్కువ ధర బిడ్డరుగా తేల్చారు. బేరం తెగక 2015లో ఆ ప్రయత్నం ముగిసి, 2016 సెప్టెంబరులో రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందంగా 36 విమానాలు కొన్నారు. మొదటి 126లో 108ని ఇక్కడే తయారు చేయాలనుకున్న ప్రణాళిక చుట్టూ ఆశ పెట్టుకున్న సరఫరాదారులకు మిగిలింది శూన్యం. ఇక్కడ తయారయ్యే విమానాల నాణ్యతకూ గడువుకూ బాధ్యత ఎవరిది, ఇక్కడ పట్టే పనిగంటలను ఎలా లెక్కకట్టాలి అన్న రెండు ప్రశ్నలు టెండరు రాసిన రోజే తేలి ఉండాలి. ధర విప్పాక తేల్చబోతే ఇలాగే అవుతుంది.

ఇక ఎల్1. తక్కువ ధర చెప్పినవాడికే ఆర్డరు. దీన్ని తిట్టడం తేలిక, కానీ ప్రజల డబ్బు ఖర్చుపెట్టేటప్పుడు, ఆడిట్‌కు సమాధానం చెప్పాల్సినప్పుడు అధికారి పట్టుకోగలిగిన గట్టి కొమ్మ అదొక్కటే. అసలు చిక్కు, ఎల్1కు మొత్తం ఆర్డరు పోతే ఎల్2, అంటే ధరలో రెండో స్థానంలో ఉన్నవాడు, ఆ రంగమే వదిలి వెళ్లిపోతాడు. తర్వాత ఆర్డరుకు పోటీ ఉండదు, అప్పుడు ఎల్1 ఎంతంటే అంత. దీనికి ఒక మంచి దారి ఏటీఏజీఎస్ తుపాకి విషయంలో కనిపించింది. డీఆర్‌డీఓ డిజైన్ చేసిన 155 మిల్లీమీటర్ల, 52 క్యాలిబర్ తుపాకి అది, ఇక్కడ 52 అంటే గొట్టం పొడవు దాని వ్యాసానికి 52 రెట్లని. అభివృద్ధి దశలోనే రెండు ప్రైవేటు కంపెనీలను కలుపుకున్నారు. 2025 మార్చిలో 307 తుపాకులకు దాదాపు రూ.6,900 కోట్ల ఒప్పందం అయింది. తక్కువ ధర చెప్పిన భారత్ ఫోర్జ్‌కు 60 శాతం, టాటా కంపెనీకి 40 శాతం. రెండోవాడు మొదటివాడి ధరకే చేయాలి. దీనివల్ల రెండు ఉత్పత్తి వరసలు బతికాయి. యుద్ధం వస్తే రెండూ పరుగెత్తగలవు. అయితే ఇలా చీల్చడానికి మొత్తం సంఖ్య పెద్దదిగా ఉండాలి. ముప్పై తుపాకులను ఇద్దరికి పంచితే ఇద్దరూ నష్టపోతారు.

ఆ తుపాకి పని మొదలైంది 2013 ప్రాంతంలో. ఒప్పందం 2025లో. పన్నెండేళ్లు. కొత్త డిజైను కాబట్టి కొంత సమయం న్యాయమే. కానీ పన్నెండేళ్లూ ఇంజనీర్లను కూర్చోబెట్టి జీతమివ్వగలిగే కంపెనీలు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి.

తుపాకుల మాట వచ్చింది కాబట్టి సాంకేతిక బదిలీ గురించి. 1986లో బోఫోర్స్ నుంచి 410 హోవిట్జర్లు కొన్నప్పుడు డ్రాయింగులు కూడా వచ్చాయి. కుంభకోణం గొడవలో ఆ కాగితాలు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయాయి. చాలా ఆలస్యంగా, వాటి ఆధారంగానే జబల్పూర్‌లో ధనుష్ తయారైంది, బోఫోర్స్ 39 క్యాలిబర్ అయితే ఇది 45. 114 తుపాకులకు ఆర్డరు వచ్చింది. డ్రాయింగు ఉంటే చాలదు, దాన్ని పట్టుకుని పని చేసే ఆర్డరు కూడా ఉండాలి. ఈ మధ్యలో పెద్ద క్యాలిబర్ తుపాకి కొత్తగా కొన్నది 2016లో, అమెరికా నుంచి 145 ఎం777లు. ముప్పై ఏళ్ల విరామం అన్నమాట.

లైసెన్సు ఉత్పత్తిలో నేర్చుకునేదెంత, నేర్చుకోలేనిదెంత? సుఖోయ్-30 ఎంకేఐని నాసిక్‌లో దశలవారీగా చేశారు. ముందు సగం బిగించిన విమానం తెచ్చి పూర్తి చేయడం, తర్వాత విడిభాగాలు తెచ్చి బిగించడం, చివరికి ముడిలోహం నుంచి ఇక్కడే చేయడం. ఆ చివరి దశలో కూడా చాలా లోహపు పలకలు, ఫోర్జింగులు రష్యా నుంచే రావాలి. చేసే పద్ధతి మనకు చేతికి వచ్చింది. ఒక రంధ్రానికి ఆ టాలరెన్సే (కొలతలో అనుమతించే తేడా) ఎందుకు, ఒక భాగానికి ఆ మిశ్రమలోహమే ఎందుకు అన్నది డ్రాయింగులో ఉండదు. ఆ భాగం పగిలిన పరీక్షల రిపోర్టుల్లో ఉంటుంది. వాటిని ఎవరూ అమ్మరు. అందుకే బదిలీ ఒప్పందం రాసేటప్పుడు డ్రాయింగుల పేజీల సంఖ్య చూసి మురిసిపోకూడదు. మార్పు చేసే హక్కు మనకుందా? ప్రత్యామ్నాయ లోహం వాడితే లైసెన్సు చెల్లుతుందా? మూడో దేశానికి అమ్ముకోవచ్చా? ప్రాసెస్ షీట్లు, పరీక్షా పరికరాల డ్రాయింగులు, టూలింగ్ డ్రాయింగులు కూడా వస్తాయా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు ఒప్పందంలో లేకపోతే మనం కొన్నది పాతికేళ్ల అసెంబ్లీ పని మాత్రమే.

స్వదేశీ శాతం లెక్క కూడా ఒకసారి బల్ల మీద పెట్టి చూద్దాం, దీనిలో చాలామంది పొరపాటు పడతారు. డీఏపీ వర్గాల్లో అన్నిటికన్నా పైది ఐడీడీఎం, అంటే ఇక్కడే డిజైన్ చేసి, అభివృద్ధి చేసి, తయారు చేసినది. దీనికి కనీసం 50 శాతం స్వదేశీ భాగం ఉండాలి. డిజైను బయటిదైతే ‘బై ఇండియన్’ వర్గంలో 60 శాతం. ఇది బరువులో శాతం కాదు, భాగాల సంఖ్యలో శాతమూ కాదు, ధరలో శాతం. మూల ఒప్పంద ధర పన్నులు లేకుండా 100 రూపాయలనుకోండి. అందులోంచి దిగుమతి చేసుకున్న వస్తువుల ధర, వాటి రవాణా, బీమా తీసేయాలి. విదేశీయుల నుంచి తీసుకున్న సేవల ఖర్చు తీసేయాలి. బయటికి కట్టే రాయల్టీ, లైసెన్సు ఫీజు తీసేయాలి. ఇంజిను 28, మీ సరఫరాదారు దిగుమతి చేసుకుని మీకు అమ్మిన ఎలక్ట్రానిక్స్ 14, రాయల్టీ 4 అయితే మిగిలింది 54.

ఆ 14 దగ్గరే గోల. మీ బిల్లులో ఆ ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్ కంపెనీ నుంచి కొన్నట్టు ఉంటుంది. ఆ కంపెనీ దాన్ని ఎక్కడి నుంచి తెచ్చిందో అడక్కపోతే లెక్కలో అది స్వదేశీ అయిపోతుంది, 54 కాస్తా 68 అవుతుంది. నిబంధన ప్రకారం కింది అంచెల్లోని దిగుమతి కూడా తీసేయాలి, ధ్రువపత్రం ఇవ్వాలి. ఆచరణలో మూడో అంచె దాకా వెళ్లి చూసేవాళ్లు తక్కువ. అలా వదిలేస్తే డబ్బు లెక్కతో ఆగదు. ధనుష్‌కు వాడే బేరింగుల విషయంలో జర్మనీ సరుకని చెప్పి చైనావి సరఫరా చేశారన్న ఆరోపణ మీద 2017లో సీబీఐ కేసు పెట్టింది. 2025 ఫిబ్రవరిలో చైనా భాగాలున్నాయన్న కారణంగా 400 డ్రోన్ల ఒప్పందాలు రద్దయ్యాయి. డ్రోన్ విషయంలో మోటారు కన్నా ఫ్లైట్ కంట్రోలర్, రేడియో లింకు, వాటిలోని ఫర్మ్‌వేర్ గురించే భయం. కాబట్టి డ్రోన్ చేసేవాళ్లు మొదటి రోజు నుంచే ప్రతి బోర్డు మీద ప్రతి చిప్‌కీ మూలం రాసిన పట్టీ ఉంచుకోండి. టెండరొచ్చాక తయారు చేద్దామంటే కుదరదు, మీ సరఫరాదారుకే గుర్తుండదు.

2020 ఆగస్టులో మొదలుపెట్టి 2023 అక్టోబరు దాకా సైనిక వ్యవహారాల శాఖ అయిదు జాబితాల్లో 509 వస్తువుల దిగుమతికి దశలవారీగా తలుపు మూసింది. ప్రభుత్వ సంస్థల విడిభాగాలకు వేరే జాబితాలు, దిగుమతి వస్తువుల్ని ఇక్కడ చేయించడానికి పెట్టిన సృజన్ పోర్టల్ ఉన్నాయి. ఆ పోర్టల్‌లో మీరు చేయగలిగినది ఉందో లేదో చూడటం మంచిదే, కానీ చూసేది పేరు కాదు, ఏటా ఎన్ని కావాలన్న గడి. ఏడాదికి 12 కావలసిన ఒక వాల్వుకు అభివృద్ధి ఖర్చు ఎప్పటికీ తిరిగి రాదు.

ముడిసరుకు గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి, ఇది మన హైదరాబాద్ సొంత విషయం. ఐఎన్ఎస్ విక్రాంత్ కట్టడానికి రష్యా ఉక్కు సమయానికి దొరకలేదు. అప్పుడు కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్, నౌకాదళం, ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ కలిసి డీఎంఆర్ 249ఏ అనే ఉక్కును, విమానాలు దిగే డెక్‌కు 249బీని తయారు చేశాయి. ఆ ఉక్కు అక్కడితో ఆగలేదు, తర్వాత మన యుద్ధనౌకలన్నిటికీ అదే ఆధారమైంది. నౌకాదళం తన ఓడను మూడుగా చూస్తుంది: తేలే భాగం, కదిలే భాగం, పోరాడే భాగం. తేలే దాంట్లో స్వదేశీ సుమారు 90 శాతానికి చేరిందంటే పునాది ఆ ఉక్కే. కదిలే భాగం, అంటే గ్యాస్ టర్బైన్లు, గేర్‌బాక్సులు, 2015 ప్రణాళిక నాటికి సగానికి కాస్త పైన. పోరాడే భాగం మూడో వంతు దాకా. నౌకాదళానికి ఇదంతా ఎందుకు సాధ్యమైంది? 1960ల నుంచే సొంత డిజైన్ విభాగం పెట్టుకుంది. కొనేవాడే డిజైనరైతే తనకేం కావాలో తనకు తెలుస్తుంది, లోపం కనిపించినా రెండో ఓడలో సరిదిద్దుకుందామని ఓర్చుకుంటాడు. మిగతా దళాల్లో ఆ ఓర్పు ఆలస్యంగా వచ్చింది.

ఇంజిన్ దగ్గర ఇంకా ఇరుక్కునే ఉన్నాం. తేజస్ పని 1983లో మొదలైంది, మొదటిసారి ఎగిరింది 2001 జనవరి 4న. దానికోసం 1989లో మొదలుపెట్టిన కావేరి ఇంజిన్‌ను 2008లో ఆ విమానం నుంచి విడదీశారు. 2021 ఫిబ్రవరిలో 83 మార్క్ 1ఏ విమానాలకు ఒప్పందం అయింది, అదే ఏడాది ఆగస్టులో అమెరికా కంపెనీ జీఈకి 99 ఇంజిన్ల ఆర్డరు వెళ్లింది. వాటిలో మొదటిది వచ్చింది 2025 మార్చిలో. విమానం బాడీ సిద్ధం, ఇంజిను లేదు. లోహాలు, ఏక స్ఫటిక బ్లేడ్లు, పూతలు, వేల గంటల టెస్ట్ బెడ్ పరుగులు కావాలి. నమూనా ఇంజిన్ పగిలిపోతే మరొకటి వెంటనే బిగించేందుకు డజను సిద్ధంగా ఉండాలి. రెండు మూడు నమూనాలతో ఇంజిన్ పుట్టదు.

ఇప్పుడు షాపు ఫ్లోరుకు వద్దాం. రక్షణ పని తీసుకున్న చిన్న యూనిట్ల సరుకు ఎందుకు తిరస్కారానికి గురవుతుంది? కొలత తప్పడం వల్లనేనని అందరూ అనుకుంటారు. కొలత తప్పు తక్కువ, కాగితం తప్పు ఎక్కువ. రాడ్డు మీద హీట్ నంబరు, అంటే ఏ కరిగింపులోంచి వచ్చిన లోహమో చెప్పే నంబరు, ఉంటుంది. రంపంతో ముక్కలు చేశాక ఆ నంబరు ఒక్క ముక్క మీదే మిగులుతుంది. మిగతా ముక్కలు ఏ రాడ్డువో రుజువు చేయలేకపోతే వాటి కొలతలు ఎంత బాగున్నా తనిఖీ అధికారి తీసుకోడు, తీసుకోకూడదు కూడా. కోసే ముందే ప్రతి ముక్క మీదా నంబరు కొట్టండి. టెన్సైల్ పరీక్ష నమూనా అదే ఫోర్జింగ్ నుంచి, అదే ఫర్నేసు బ్యాచ్‌లో హీట్ ట్రీట్‌మెంట్ అయినదై ఉండాలి. గేజి క్యాలిబ్రేషన్ గడువు నిన్నటితో ముగిస్తే ఇవాళ కొలిచిన 400 ముక్కలూ కొలవనట్టే. ఇంకో తప్పు, ఆమోదం పొందిన క్వాలిటీ ప్లాన్‌లో ఒక ప్లేటింగ్ షాపు పేరు రాసి, రేటు తక్కువని చెప్పకుండా వేరే షాపుకు పంపడం.

ప్లేటింగ్‌లోనే ఒక ప్రమాదం దాగి ఉంటుంది. అధిక బలం ఉన్న ఉక్కు బోల్టులకు కాడ్మియం పూత వేసేటప్పుడు హైడ్రోజన్ లోహంలోకి చొరబడి దాన్ని పెళుసుగా చేస్తుంది. పూత అయిన నాలుగు గంటల్లోపు 190 డిగ్రీల ఓవెన్లో పెట్టి, వర్తించే ప్రమాణాన్ని బట్టి 3 గంటల నుంచి 23 గంటల దాకా వేడి చేయాలి. సాయంత్రం పూత వేసి పొద్దున ఓవెన్లో పెడితే బోల్టు చూడ్డానికి బంగారంలా ఉంటుంది, తనిఖీలో పాసవుతుంది. బిగించిన రెండు రోజులకు తల ఊడి పడుతుంది. ఓవెన్ చార్టు మీద సమయం రాయించుకోకుండా ఆ సరుకు తీసుకోకండి.

ఎలక్ట్రానిక్స్ వాళ్లకు పర్యావరణ పరీక్షలు జేఎస్ఎస్ 55555 ప్రకారం, విద్యుదయస్కాంత పరీక్షలు మిల్ స్టాండర్డ్ 461 ప్రకారం జరుగుతాయి. మొదటిసారి వెళ్లినవాళ్లలో చాలామంది ఓడిపోయేది రెండో దాంట్లో. పెట్టె మూత అంచులకు అందంగా పెయింటో అనోడైజింగో చేస్తారు, దాంతో మూతకీ పెట్టెకీ విద్యుత్ సంబంధం తెగి సందులోంచి రేడియో తరంగాలు బయటికొస్తాయి. రబ్బరు పట్టీ తాకే చోట లోహాన్ని వాహకంగానే వదలాలి. కేబుల్ కవచాన్ని మెలితిప్పి ఒక తీగలా తెచ్చి స్క్రూకు కడతారు. అలా కాకుండా కనెక్టరు చుట్టూ పూర్తిగా అంటుకునేలా బిగించాలి. వైబ్రేషన్ పరీక్షలో పెద్ద కెపాసిటర్ల కాళ్లు విరుగుతాయి, వాటిని బోర్డుకు జిగురుతో పట్టించాలి. ఉప్పు పొగమంచు పరీక్షలో అల్యూమినియం పెట్టెకు బిగించిన స్టెయిన్‌లెస్ స్క్రూ చుట్టూ తెల్లటి బూడిద కడుతుంది. ఇవన్నీ ల్యాబ్‌లో రోజుకు వేలల్లో కట్టి తెలుసుకునే బదులు డిజైను గదిలోనే పరిష్కరించుకోవచ్చు.

డబ్బు. మీకు కావలసిన ప్రత్యేక ఉక్కు 300 కిలోలు, మిల్లు ఒక్కసారి కరిగిస్తే వచ్చేది టన్నుల్లో. ఆ మొత్తం కొనాలి, డబ్బు ముందే కట్టాలి. మెషినింగ్, హీట్ ట్రీట్‌మెంట్, పరీక్షలు, తనిఖీ పూర్తయి ఐ-నోట్ (తనిఖీ ధ్రువపత్రం) చేతికొచ్చేసరికి చాలా నెలలు. అప్పుడు బిల్లు. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 చట్టం చెబుతుంది, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ. ఉన్న ఒక్క కొనుగోలుదారు మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు? ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదిక మీద బిల్లును తగ్గింపు ధరకు అమ్ముకోవడం మేలు, కానీ కొనుగోలుదారు ఆ బిల్లును ఒప్పుకున్నట్టు నమోదు చేస్తేనే అది జరుగుతుంది. ఆర్డరు తీసుకునేటప్పుడే ఈ మాట రాయించుకోండి. ధర వేసేటప్పుడు ఎనిమిది నెలల వడ్డీ కలపనివాడు ఎల్1 అవుతాడు, మూడో ఆర్డరుకు కనిపించడు.

2025 నవంబరు 1 నుంచి రెవెన్యూ కొనుగోళ్లకు, అంటే విడిభాగాలు, మరమ్మతుల లాంటి రోజువారీ అవసరాలకు, కొత్త మాన్యువల్ అమల్లోకి వచ్చింది. దేశీయంగా కొత్తగా అభివృద్ధి చేసే వస్తువులకు అభివృద్ధి దశలో ఆలస్యపు జరిమానా లేదు, నమూనా తర్వాత వారానికి 0.1 శాతం మాత్రమే. అంతకన్నా విలువైనది, అభివృద్ధి చేసినవాడికి అయిదేళ్ల దాకా ఆర్డర్ల హామీ ఇవ్వొచ్చన్న నిబంధన. అధికారులు ఆ నిబంధన వాడితే అర్జున్ సరఫరాదారుకు పట్టిన గతి కొందరికైనా తప్పుతుంది. వాడమని అడగండి, అడక్కుండా ఏ అధికారీ తనంతట తాను సంతకం పెట్టడు.

స్టార్టప్ పిల్లలకు రెండు మాటలు. రక్షణ రంగంలో కొత్త ఆవిష్కరణల కోసం 2018లో మొదలైన ఐడెక్స్ పథకం కింద మామూలు పోటీలో కోటిన్నర దాకా, ప్రైమ్‌లో పది కోట్ల దాకా, అదితి పథకంలో పాతిక కోట్ల దాకా గ్రాంటు ఉంది. అది నమూనాకు డబ్బు, ఉత్పత్తికి కాదు. నమూనా నెగ్గాక కొనుగోలు ఒప్పందం వచ్చేదాకా ఏడాదో రెండేళ్లో గడుస్తాయి. ఆ కాలానికి జీతాలు గ్రాంటులో రావు. పౌర మార్కెట్లో అమ్ముడుపోయే ఒక వస్తువు పక్కన ఉంచుకోండి.

ఒప్పందం రాసేటప్పుడు అందరూ మరిచిపోయే చివరి విషయం, ఆయుష్షు. సైన్యం పరికరాన్ని ముప్పై ఏళ్లు వాడుతుంది. మీరు ఎంచుకున్న చిప్ ఆరేడేళ్లకు మార్కెట్లోంచి పోతుంది. తయారీదారు ‘ఇక ఆపేస్తున్నాం’ అని నోటీసిస్తాడు, చివరి ఆర్డరుకు కొన్ని నెలల గడువిస్తాడు. అప్పుడు రెండే దారులు: మిగిలిన ఆయుష్షుకు సరిపడా చిప్‌లు ఒకేసారి కొని నైట్రోజన్ పొట్లాల్లో దాచడం, లేకపోతే బోర్డు మళ్లీ డిజైన్ చేసి పరీక్షలన్నీ మొదటి నుంచి చేయడం. రెండిటికీ ఖర్చుంది. అది ఎవరి ఖర్చో ఒప్పందంలో లేకపోతే మీదే. అందుకని ఆర్‌ఎఫ్‌పీ మీద సందేహాలు అడిగే ప్రీ-బిడ్ సమావేశంలోనే ఈ ప్రశ్న రాతపూర్వకంగా వేయండి. జవాబు కూడా రాతపూర్వకంగానే వస్తుంది, అది టెండరు పత్రంలో భాగమవుతుంది.

ఇక ప్రశ్నలుంటే అడగండి.